టెలిస్కోపిక్ డావిడ్ రాయి

మా ఊళ్లో టెలిస్కోపిక్ అన్న మాట తెలియని పసిపిల్ల లేదు. కొండ మీద తెల్లటి గుమ్మటాలు కట్టి, వాటిలో అంత పెద్ద టెలిస్కోపులు బిగించింది నక్షత్రాల కోసమే కావచ్చు గానీ, వాటివల్ల మా ఊరు సదర్లండ్‌కు మిగిలిన అసలు లాభం ఈ మాటే. పిల్ల ఎదిగినకొద్దీ మడతలు విప్పుకుంటూ పోగల గౌను ఉందనుకోండి, అది టెలిస్కోపిక్ గౌను. చుట్టాలు ఒక్కొక్కరే దిగబడుతుంటే నీళ్లు పోసి సాగదీసే సూపు టెలిస్కోపిక్ సూపు. కిటికీ తెర సందులోంచి నాలుగు వీధుల అవతల ఎవరింటికి ఎవరొచ్చారో చెప్పగల ఆడమనిషివి టెలిస్కోపిక్ కళ్లు. ఇక పాస్టరుగారు "చివరిగా ఒక్క మాట" అన్నాక కూడా గొట్టంలోంచి గొట్టం లాగినట్టు ప్రసంగం లాగుతుంటే, వెనక బెంచీలవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని ఏమనుకుంటారో వేరే చెప్పాలా? కేప్ టౌన్ నుంచి వచ్చినవాళ్లు ఇదంతా విని నవ్వుతారు. నవ్వనీయండి. వాళ్లకు సముద్రం ఉంది, మాకు ఈ మాట ఉంది.

అంత వాడకంలో ఉన్న మాట మనిషి పేరుగా నిలిచింది మాత్రం ఒక్కడికే. డావిడ్ క్లాస్టేకి.

ఇక్కడ మా వాళ్ల పేర్ల సంగతి చెప్పాలి. మొదటి కొడుక్కి తాత పేరు పెట్టి తీరాలి. ముసలి డావిడ్ క్లాస్టేకి దేవుడు కొడుకుల్ని ధారాళంగా ఇచ్చాడు. ప్రతి కొడుకూ తన మొదటి మగపిల్లాడికి తండ్రి పేరే పెట్టాడు. దాంతో మా వీధిలో నిలబడి "ఒరేయ్ డావిడ్!" అని కేకేస్తే సగం తలుపులు తెరుచుకునేవి. అందుకని ఊరే వాళ్లకు విడివిడిగా పేర్లు పెట్టుకుంది. ఇళ్లకు వెల్ల వేసేవాడు సున్నం డావిడ్. పెళ్లిళ్లలో వాయించేవాడు కన్సర్టీనా డావిడ్. గొర్రెల బొచ్చు కత్తిరించే పొడుగాటి మనిషి టెలిస్కోపిక్ డావిడ్.

ఆ టెలిస్కోపిక్ డావిడ్ పోయిన శీతాకాలంలో చనిపోయాడు. భార్య సార్లీనా ఆయన సమాధి మీద రాయి నిలబెట్టాలనుకుంది. ఆ రాయి మీద ఆయన పేరు ఊరు పిలిచినట్టే ఉండాలని పట్టుబట్టింది. సమాధుల రాళ్ల మీద ఏం చెక్కాలో ఒప్పుకోవాల్సింది చర్చి పెద్ద. మా చర్చి పెద్ద ఐజాక్ క్లాస్టే, డావిడ్‌కు పెదనాన్న కొడుకు. ఇంట్లో రెండోవాడు కాబట్టి డావిడ్ కాకుండా తప్పించుకున్నాడు.

"కుదరదు," అన్నాడు ఐజాక్, కాఫీ కప్పు ఇంకా నోటిదాకా పోకముందే.

"ఎందుకు కుదరదు బావగారూ?"

"డావిడ్ క్లాస్టే. బాప్తిస్మం పేరు. అది చాలు. మా నాన్నను తెల్ల రైతులు ఏమని పిలిచేవాళ్లో తెలుసా నీకు? వాళ్లకు ఆ పూట ఏది తోస్తే అది. కుక్కకు పేరు పెట్టడానికి కూడా అంతకన్నా ఎక్కువసేపు ఆలోచిస్తారు. బతికున్నన్నాళ్లూ మనకు సొంత పేరు మిగల్చలేదు. చచ్చాకైనా, రాయి మీదైనా, పూర్తి పేరు ఉండాలి. నా చర్చి ఆవరణలో వెక్కిరింత పేర్లు చెక్కనివ్వను."

సార్లీనాకు కోపం వచ్చింది గానీ ఆ మాటల్లో అబద్ధం లేదని కూడా తెలుసు. ఆమె తండ్రినీ అలాగే పిలిచారు. అందుకే గొంతు పెంచలేదు.

"ఆ పేరు రైతు పెట్టింది కాదు బావగారూ. మనం పెట్టుకున్నది."

"మనమా? సారా కొట్టు ముందు పెట్టారమ్మా. కాళ్లు ఒకదాంట్లో ఒకటి దూరిపోయి వాడు చాప చుట్టలా కూలబడితే, కుర్రకుంకలు 'టెలిస్కోపిక్ మూసుకుంది' అని చప్పట్లు కొట్టారు. నేను చూశాను. నా తమ్ముడు వాడు. ఆ మాట రాయి మీద పెట్టి, వాణ్ని రోజూ అక్కడ కూలబడమంటావా?"

సార్లీనాకు అదీ తెలుసు. కాదనడానికి లేదు. పెద్ద కూతురు పోయాక డావిడ్ కొన్నేళ్లు తాగాడు. సారా కొట్టు ముందు కూలిపోయిన మనిషిని తోపుడు బండి మీద ఇంటికి తెచ్చుకున్నది ఆమే. అది మరిచిపోలేదు, దాచుకోనూ లేదు. కానీ ఐజాక్‌కు ఆ మాటకు ఆ ఒక్క అర్థమే గుర్తుండటం ఆమెకు కష్టంగా ఉంది.

నిజానికి పేరు పుట్టింది సారా కొట్టు ముందు కాదు. కొండ మీద మొదటి గుమ్మటం కడుతున్న రోజుల్లో డావిడ్ అక్కడ కూలికి వెళ్లేవాడు. ఒకనాడు మేస్త్రీ పై బోల్టు బిగించడానికి టెలిస్కోపిక్ నిచ్చెన తెమ్మన్నాడు. నిచ్చెన చూస్తే ఊళ్లోనే ఉండిపోయింది. మేస్త్రీ తల పట్టుకుని తిడుతుంటే, లారీ వెనక మడుచుకుని కునికిపాట్లు పడుతున్న డావిడ్ లేచాడు. మోకాళ్లు, నడుము, వీపు, మెడ, చేతులు వరసగా సాగి సాగి, మునివేళ్ల మీద నిలబడి, బోల్టు బిగించేశాడు. "నిచ్చెనెందుకయ్యా, మనకు టెలిస్కోపిక్ డావిడ్ ఉండగా," అన్నారు తోటివాళ్లు. సాయంత్రానికి ఆ పేరు కొండ దిగి ఊళ్లోకి వచ్చేసింది.

తాగిన ఏళ్లు అయిపోయిందీ ఆ పేరుతోనే. ఒక ఏడు మంచు మోకాళ్లదాకా పడింది. డావిడ్ రాత్రి తాగింది ఇంకా దిగక, గుమ్మంలో కూర్చుని తల పట్టుకుని లోయ అవతలికి చూస్తున్నాడు.

"మీటా పిన్ని పొయ్యి పొగ లేదు," అన్నాడు.

ఆ ఇల్లు ఇక్కడి నుంచి చూస్తే గొర్రె పెంటికంత ఉంటుంది. పొగ ఉంటే కనిపించడమే గొప్ప, లేదని కనిపెట్టాడీ మనిషి. సార్లీనా వద్దన్నా వినకుండా బూట్లు తొడుక్కుని నడిచాడు. మీటా పిన్ని మంచం దిగలేక, పొయ్యి రాజేసుకోలేక, కొయ్యబారి ఉంది. దుప్పట్లో చుట్టి వీపున వేసుకుని తెచ్చాడు. ఆ తరువాత మళ్లీ సారా ముట్టలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "పొగ కనిపించాలి కదా," అనేవాడు. ఆ రోజు నుంచి ఊరు ఆ పేరును పలికే తీరే మారిపోయింది. వెనక నవ్వు పోయింది.

ఇవన్నీ ఊరికి తెలిసినవి. ఊరికి తెలియనిది ఒకటుంది, అది సార్లీనా సొంతం. గొర్రె మీద రోజంతా వంగి బొచ్చు కత్తిరించినవాడు సాయంత్రం ఇంటికి అలాగే వంగి వస్తాడు. డావిడ్ గుమ్మంలో ఆగి, నడుము పట్టుకుని నిటారు అయ్యేవాడు. కీళ్లు టక్, టక్, టక్ మనేవి. ఆమె పొయ్యి దగ్గర నుంచి తిరగకుండానే అడిగేది, "అన్నీ తెరుచుకున్నాయా?" "ఆగవే, ఇంకో గొట్టం ఉంది," అని చేయి చాపి ఇంటి కప్పు తట్టేవాడు. అప్పుడు వడ్డించేది. ఆ చప్పుడు లేని ఇంట్లో ఈ ఏడాదంతా ఎలా గడిచిందో ఆమెకే తెలుసు.

ఇదంతా ఐజాక్‌కు చెప్పి ప్రాధేయపడటం ఆమెకు ఇష్టం లేకపోయింది. కల్వీనియా ఊరి నుంచి రాళ్లు చెక్కే ఫ్రిక్కీ వచ్చినప్పుడు, పెద్దగారు చెప్పినట్టే డావిడ్ క్లాస్టే అని, పుట్టిన తేదీ, పోయిన తేదీ చెక్కమంది.

"పేరు కింద జానెడు ఖాళీ వదులు తమ్ముడూ."

"అక్కడేమన్నా వాక్యం వస్తుందా అక్కా?"

"వస్తుంది. ఎప్పుడొస్తుందో తెలీదు. నువ్వు మాత్రం వదులు."

ఫ్రిక్కీ ఎందుకని అడగలేదు. విధవరాళ్లతో వాదించకూడదని రాళ్లు చెక్కేవాళ్లందరికీ తెలుసు.

రాయి నిలబెట్టడం ఒక రోజు, దాని మీది గుడ్డ తీయడం ఒక రోజు. గుడ్డ తీసే రోజుదాకా భార్య ఆ వైపు పోకూడదు, చూడకూడదు. మాలో అది ఆచారం. కాబట్టి శనివారం ఫ్రిక్కీ రాయి లారీలో వేసుకుని వచ్చినప్పుడు సార్లీనా ఇంట్లోనే ఉండి మర్నాటి విందుకు గొర్రె తలకాయలు శుభ్రం చేసుకుంటోంది. చోటు చూపించాల్సిన బాధ్యత ఐజాక్‌ది. ఐజాక్ చర్చిలో పాటలవాళ్లకు పాట నేర్పిస్తున్నాడు. పైరాగం తీసేవాళ్లు కింది రాగంలోకి జారిపోతుంటే ఆయన ప్రాణం పోతోంది.

"పడమటి వరస. చెక్క సిలువ మీద డావిడ్ క్లాస్టే అని ఉంటుంది. పో," అన్నాడు వెనక్కి తిరగకుండా.

ఫ్రిక్కీ పోయాడు. పడమటి వరసలో చెక్క సిలువ చూశాడు. డావిడ్ క్లాస్టే అని ఉంది. కింద తేదీలు మా గాలికి ఎప్పుడో కొట్టుకుపోయాయి. సిలువ పీకి పక్కన పెట్టి, రాయి నిలబెట్టి, మట్టం చూసి, తెల్ల గుడ్డ కప్పి, శుభ్రంగా చేతులు కడుక్కుని భోజనానికి వెళ్లాడు. పాపం, తన పనిలో ఏ లోపమూ చేయలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఊరంతా శ్మశానానికి బయలుదేరింది. ముందు ఐజాక్, నల్ల కోటు, చంకలో బైబిలు. వెనక పాటలవాళ్లు. కేప్ టౌన్ నుంచి వచ్చిన సార్లీనా కొడుకులు, కోడళ్లు. అందరికీ వెనక కర్ర పొడుచుకుంటూ మీటా పిన్ని. ఐజాక్ నేరుగా తెల్ల గుడ్డ కప్పిన రాయి దగ్గరికి నడిచి నిలబడ్డాడు. పాటలవాళ్లు చుట్టూ చేరారు. పాట ఎత్తుకున్నారు. పైరాగం పైనే ఉంది. ఐజాక్ మొహం వెలిగింది.

పాట సగంలో ఉండగా చూశారు, సార్లీనా అక్కడ లేదు.

వరసలో నాలుగు సమాధుల అవతల, రాళ్లు పేర్చిన దిబ్బ పక్కన, చిన్న స్టూలు వేసుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పాట ఒక్కొక్క గొంతే సన్నగిల్లి ఆగిపోయింది. ఐజాక్ గొంతు సవరించుకున్నాడు.

"సార్లీనా. ఇటు రామ్మా. గుడ్డ నువ్వే తీయాలి."

"తీస్తాను బావగారూ. రాయి మా ఆయన దగ్గరికి వచ్చాక తీస్తాను."

"అంటే?"

"మా ఆయన ఇక్కడున్నాడు. మీరు నిలబడింది మీ అన్నయ్య మీద."

ఐజాక్ కాళ్ల కిందికి చూసుకుని రెండడుగులు పక్కకు గెంతాడు. నిజమే, అది సున్నం డావిడ్ సమాధి. ఐజాక్ సొంత అన్న. చనిపోయి ఏళ్లయినా చెక్క సిలువతోనే ఉన్నవాడు. బతికున్నంతకాలం ఊరందరి గోడలకూ వెల్ల వేసి, తన గోడకు వేసుకోలేకపోయిన మనిషికి, ఒక రాత్రి మాత్రం నల్ల గ్రానైటు రాయి దక్కింది.

పాటల వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఐజాక్ ఒక్క చూపు చూసేసరికి అది దగ్గుగా మారింది.

"ఫ్రిక్కీ!" అని అరిచాడు. "ఎక్కడయ్యా నువ్వు? ఏం చేశావిది?"

గొర్రె తలకాయ తినిపోదామని ఆగిన ఫ్రిక్కీ టోపీ చేత్తో పట్టుకుని ముందుకొచ్చాడు. "మీరు చెప్పిందే చేశాను పెద్దగారూ. డావిడ్ క్లాస్టే అన్నారు. డావిడ్ క్లాస్టే అనే ఉంది."

"ఆ డావిడ్ కాదు!"

"మరి ఏ డావిడ్?"

"డావిడ్ క్లాస్టే. జాన్ క్లాస్టే కొడుకు."

"అవతల సిలువ కూడా డావిడ్ క్లాస్టేనే. ఆ చివరది కూడా." ఫ్రిక్కీ వరసంతా చూసి తల గోక్కున్నాడు. "అందరూ డావిడ్లే కదండీ. ఇంకోసారి తప్పు చోట పెడితే ఈ ముసలి నడుము ఊరుకోదు. సరిగ్గా చెప్పండి, ఏ డావిడ్?"

"పొడుగ్గా ఉంటాడు... ఉండేవాడు."

"ఇక్కడ అందరూ పడుకునే ఉన్నారు పెద్దగారూ, నాకెలా తెలుస్తుంది?"

ఈసారి నవ్వు ఆగలేదు. ఐజాక్ చెవులు ఎర్రబడ్డాయి. సార్లీనా స్టూలు మీద నుంచి కదల్లేదు. ఆమె సాయం చేయొచ్చు. వేలు చూపించినా చాలు. చూపించలేదు. చేతిసంచి గట్టిగా పట్టుకుని ఐజాక్ నోటికేసి చూస్తూ కూర్చుంది.

"గొర్రెల బొచ్చు కత్తిరించేవాడయ్యా!"

"మీ ఇంటి మగవాళ్లలో కత్తిరించనివాడెవడు?"

అప్పుడు మీటా పిన్ని కర్రతో నేల మీద కొట్టింది. "ఒరే ఐజాకూ! నోట్లో రాయేమన్నా ఉందట్రా? వీపు మీద నన్ను మోసుకొచ్చినవాడి పేరు చెప్పడానికి సిగ్గెందుకురా నీకు? చెప్పు!"

గాలి తెల్ల గుడ్డను టపటప కొడుతోంది. ఐజాక్ బైబిలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తన వాళ్ల పరువు కాపాడాలని ఒక గోడ కట్టాడు, ఆ గోడ వెనక తమ్ముణ్ని తనే కనబడకుండా చేసుకున్నాడు. అది ఆయనకు అప్పుడు, అందరి ముందూ తెలిసింది.

"టెలిస్కోపిక్ డావిడ్," అన్నాడు. మెల్లగా అన్నాడు గానీ ఆ నిశ్శబ్దంలో గేటుదాకా వినిపించింది.

ఫ్రిక్కీ టోపీ కింద పడింది.

"టెలిస్కోపిక్ డావిడా? ఆయనదా ఈ రాయి? అయ్యో అక్కా, ముందే చెప్పొద్దా! మా కల్వీనియాలో గొర్రెల షెడ్లలో ఆయన పేరు తెలియనివాడు లేడు. మా నాన్న చెయ్యి విరిగిన ఏడాది నాన్న వాటా గొర్రెలు కూడా తనే కత్తిరించి, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. అసలు పేరు డావిడ్ క్లాస్టే అని ఎవరికి తెలుసు?" ఐజాక్ వైపు తిరిగాడు. "ఆ మాట చెక్కించకుండా ఈ పేరెందుకు చెక్కించారండీ నాతో?"

ఐజాక్ కోటు విప్పి పక్క సమాధి సిలువకు తగిలించి, చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఆదివారం కదా పెద్దగారూ," అన్నారెవరో.

"గోతిలో పడ్డ గొర్రెను ఆదివారమైనా పైకి తీయొచ్చు," అన్నాడు ఐజాక్. "పట్టండి."

సిమెంటు ఇంకా పూర్తిగా బిగియలేదు. గునపాలు, తాళ్లు, దుంగలు. కేప్ టౌన్ కొడుకులు కోట్లు విప్పారు. పాటలవాళ్లు మళ్లీ పాట ఎత్తుకున్నారు, ఈసారి బరువు లాగే పాట. రాయి నాలుగు సమాధులు దాటి తన చోటికి వచ్చింది. కొంచెం కొంచెంగా లేచి నిటారుగా నిలబడింది. సార్లీనా స్టూలు మీద నుంచి లేచి గుడ్డ లాగింది.

డావిడ్ క్లాస్టే. తేదీలు. మధ్యలో ఖాళీ.

ఐజాక్ ఆ ఖాళీకేసి చూశాడు. "ఇదెందుకు వదిలారు?"

"పేరు పూర్తి కాలేదు బావగారూ," అంది సార్లీనా.

ఐజాక్ తలూపాడు. ఫ్రిక్కీ చెవి మీద పెట్టుకున్న తెల్ల పెన్సిలు కోసం చేయి చాపాడు. "ఈ రోజు చెక్కకూడదు. రాసి పెడతాను. రేపు నా రాత మీదే చెక్కు." రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని టెలిస్కోపిక్ అని రాయడం మొదలుపెట్టాడు. పరువుగా, చర్చి బోర్డు మీద రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలు. కళ్లు చెమ్మగిల్లినవాడికి కొలత ఎక్కడ తెలుస్తుంది? రాతి వెడల్పు ముప్పాతిక దాటేసరికి మాట ఇంకా సగం మిగిలింది. అక్షరాలు చిన్నవి చేశాడు. ఇంకా చిన్నవి చేశాడు. చివరి అక్షరం అంచున, గోరంత, ముందున్న అక్షరం పొట్టలోకి దూరిపోయింది.

ఐజాక్ వెనక్కి జరిగి చూసుకుని "అయ్యో," అన్నాడు.

"ఫరవాలేదండీ," అన్నాడు ఫ్రిక్కీ. "తుడిచేసి, గీతలు గీసుకుని, అన్నీ సమంగా వచ్చేలా చెక్కుతాను."

"చెయ్యి పెట్టావంటే ఊరుకోను," అంది సార్లీనా.

రాయి దగ్గరికి వచ్చింది. పెద్దగా మొదలై, ఒకదాంట్లో ఒకటి ముడుచుకుంటూ పోయిన ఆ మాట మీద, రాత చెరగకుండా, గాలిలోనే వేలు జరిపింది. చిన్న అక్షరం దగ్గర నుంచి పెద్ద అక్షరం వైపు, వెనక్కి. మడత మడతగా విప్పుకుంటూ. మొదటి అక్షరం దాటాక కూడా ఆగకుండా ఆమె వేలు గాలిలో పైకి సాగి, ఆమె తల ఎత్తుకు లేచింది.

"ఇట్లాగే చెక్కు తమ్ముడూ," అంది. "కేప్ టౌన్‌వాళ్లు కూడా చూసిపోతారు, మా ఆయన ఎట్లా ఉండేవాడో."

తరువాత, అందరూ తలకాయ కూర వైపు, బొగ్గుల మీది రొట్టెల వైపు కదిలాక, ఆమె ఒక్క క్షణం ఆగి రాతి నెత్తి మీద అరచెయ్యి వేసింది.

"అన్నీ తెరుచుకున్నాయా?" అని అడిగింది.